తిండి చాలక కాదు

పొలమంతా ప్లాట్లయి బర్రెలను అమ్మేసినప్పటి నుంచే సుగుణ ఎదగడం లేదని నాయనమ్మ శివమ్మ గొడవ. ఎల్బీనగర్‌లో వాళ్ల ఇల్లు రెండంతస్తులు లేచింది. మనవరాలు మాత్రం పదేళ్లొచ్చినా ఆరేళ్ల పిల్లంతే ఉంది.

"ప్యాకెట్ పాలకు పిల్ల పెరుగుతదా? కన్నతల్లే కడుపునిండ పెడ్తలేదు," అని వచ్చినవాళ్లందరి ముందూ కోడలిని ఎత్తిపొడిచేది. ఆ మాట పడలేక అనంతమ్మ కూతురి నోట్లో నెయ్యన్నం కుక్కేది. వద్దంటే వీపు మీద చరిచేది.

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల డాక్టరుకు చూపించింది. ఆయన కోస్తా మనిషి. ఎత్తు, బరువు చూసి, చేతికి ఎక్స్‌రే, రక్తపరీక్ష రాశాడు. వారం తర్వాత ఆ కాగితాలు చూసి చెప్పాడు.

"తిండి చాలకపోతే ముందు బరువు తగ్గుతుందమ్మా, ఎత్తు ఆగేది ఆ తర్వాత. పాప బొద్దుగానే ఉంది, ఎత్తే ఆగింది. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదు. రోజూ మాత్ర వేస్తే పెరుగుతుంది. ఆలస్యమైంది కదా, పోయిన ఎత్తంతా రాకపోవచ్చు."

"అంటే నేను పెట్టింది సాలక గాదా సారూ?"

"కాదమ్మా. మీ తప్పేం లేదు."

నాలుగేళ్లుగా ఆ మాట కోసమే కాచుకున్న అనంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోగానే అత్తను ఏమేం అడగాలో బస్‌స్టాపు దాకా మనసులో కూర్చుకుంది.

అంతలో సుగుణ కొంగు పట్టి లాగింది.

"అమ్మా, గట్లయితే ఇగ తినకున్నా కొట్టవు గదా?"

అత్త కోసం కూర్చుకున్న మాటలన్నీ మరిచి, తాను చరిచిన ఆ వీపునే అనంతమ్మ మెల్లగా నిమిరింది.