గుర్తు ఎవరిదో కాయ వాళ్ళది

"మా ఆవిడా? ఆవిడేం చేస్తుందండీ, పొద్దున్నే కాసేపు పూలతో ఆడుకుని వస్తుంది," అన్నాడు బెజారా.

ఫ్రాన్సు నుంచి వెనీలా కొనడానికి వచ్చిన వాళ్ళకి దుబాసీ ఆ మాట వాళ్ళ భాషలో చెప్పాడు. వాళ్ళు నవ్వారు. వాకిట్లో చాప మీద కూర్చున్న అత్తగారు కూడా, వాళ్ళతో పాటు నవ్వింది. కాఫీ పోస్తున్న వులాసువా మాత్రం కప్పులోకే చూస్తూ ఉండిపోయింది. ఒంటి మీద బట్ట ఇంకా ఆరలేదు. తెల్లారకముందు కొండెక్కి వానలో తడిసి, జలగలు పీక్కుంటూ దిగొచ్చి, వీళ్ళకి అన్నం వండి, ఇప్పుడు కాఫీ పోస్తోంది. ఆడుకుందట.

వెనీలా పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది. ఆ పూటలో దానికి పెళ్ళి చెయ్యకపోతే మధ్యాహ్నానికి వాడిపోతుంది, ఇక కాయన్న మాటే లేదు. ఆ పెళ్ళి చేసే పురుగేదీ మడగాస్కర్‌లో పుట్టలేదు కాబట్టి ఆడవాళ్ళు పుట్టాల్సి వచ్చింది. నారింజ ముల్లుతో లోపలి పొర పైకెత్తి, బొటనవేలితో పుప్పొడి అద్ది, తర్వాతి పువ్వుకి పోవాలి. పూలు పూసినన్నాళ్ళూ సెలవు లేదు, జ్వరం లేదు. వులాసువా కడుపుతో ఉన్నప్పుడూ కొండ ఎక్కింది. ఆ కడుపు నిలవనప్పుడు, మూడోనాడే మళ్ళీ ఎక్కింది. "పూలు నీకోసం ఆగుతాయా?" అని అత్తగారే ముల్లు చేతికిచ్చి పంపింది. పెళ్ళిళ్ళ పేరమ్మలా ఊళ్ళో ఉన్న పూలన్నింటికీ పెళ్ళి చేసిన చెయ్యి ఇది, దీనికి దక్కింది మాత్రం బెజారా. పైగా ఆ కొండవాలు వాడిదీ కాదు, వాడి తాతదీ కాదు. వులాసువా తల్లి అడవి కొట్టి, తీగలు పాతి, కూతురికి వదిలి వెళ్ళింది.

ఆ ఏడు రేడియోలో మంత్రి ఒకటే ఊదరగొట్టాడు. ఫ్రాన్సుతో కొత్త ఒప్పందం కుదిరింది, దళారులతో పని లేదు, ఊరికొక ఆదర్శ రైతు దగ్గర తిన్నగా కొంటారని. ఆ ఊరికి ఆదర్శ రైతు బెజారా. అంతలాహా పట్నంలో మీటింగు పెడితే, వులాసువా ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని వెళ్ళి, "రెండు దేశాలదీ పెళ్ళి సంబంధం లాంటిది" అని ఉపన్యాసం ఇచ్చొచ్చాడు. పెళ్ళికూతుర్ని అడిగారో లేదో చెప్పలేదు. అదే పట్నంలో వాడికి ఇంకొకతె ఉందని, ఈ పంట అమ్మగానే దానికి రేకుల ఇల్లు కట్టిస్తానని మాటిచ్చాడని, మార్కెట్లో చేపలమ్మే ఆవిడ జాలిపడుతూ చెప్పింది. ఇంటికొచ్చి అడిగితే అత్తగారు అందుకుంది. "మగాడన్నాక నాలుగూళ్ళు తిరక్కపోతే బేరాలెలా కుదురుతాయే? నీకు తిండికి తక్కువైందా?"

తిండికి తక్కువ కాలేదు. తనే వండుకుంటోంది కదా.

వెనీలాకి దొంగల భయం ఎక్కువ. అందుకని కాయ పచ్చిగా ఉండగానే, బిరడాకి సూదులు గుచ్చి, కాయ కాయకీ ఇంటి గుర్తు పొడుస్తారు. ఎండినా నల్లబడినా ఆ మచ్చ చెరగదు. గుర్తు ఎవరిదో కాయ వాళ్ళది. వేరేవాళ్ళ గుర్తున్న కాయని, వాళ్ళు అమ్మమని ఇవ్వకుండా అమ్మజూపితే దొంగే. ఊరి కట్టుబాటుకి రెండో మాట లేదు, పట్నం జైలే. ఆ పొడిచే పనీ వులాసువాదే. ఇన్నేళ్ళూ బెజారా గుర్తే పొడిచింది. ఈసారి కొత్త బిరడా తీసుకుని, సూదులు తన తల్లి గుర్తుగా గుచ్చింది. ఎర్రకర్ర పట్టుకుని ఊరికి తీర్పు చెప్పే పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "మా అమ్మ గుర్తు నేను వాడుకోవచ్చా తాతా?" అని అడిగింది. "నువ్వు కాక ఇంకెవరు వాడతారు?" అన్నాడాయన. ఇక కొండెక్కి, పళ్ళు బిగబట్టి, ఒక్క కాయ వదలకుండా పొడిచింది. ప్రతి పోటుకీ ఆమె ప్రాణం చల్లబడింది.

బెజారా చూస్తాడేమోనన్న భయం ఆమెకి లేదు. ఆ కొండ ఎక్కితే కదా. కోతకి కొండ అవతలి ఊరి కూలీల్ని పెట్టాడు, సంచులు కుట్టించాడు, అమ్మకం రోజున టోపీ పెట్టుకుని నడిచాడు. వెనకాలే వులాసువా కూడా వెళ్ళింది. "నువ్వెందుకే?" అన్నాడు. "ఊరికే, చూద్దామని."

తూకానికి ముందు పెద్దాయన సంచిలోంచి కాయ తీశాడు. ఇంకోటి తీశాడు. కర్ర పక్కన పెట్టి, అడుగుదాకా చెయ్యి పెట్టి తీశాడు.

"ఇది నీ గుర్తు కాదే బెజారా. వులాసువా వాళ్ళమ్మది."

తూకం దగ్గరి కాపలావాళ్ళు దగ్గరికి వచ్చారు. బెజారా కాయని ఇటూ అటూ తిప్పి చూశాడు. బహుశా తన పంటని వాడు అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. తర్వాత నవ్వబోయాడు. "నా పెళ్ళామే కదా తాతా. దానిదైతేనేం, నాదైతేనేం."

"కట్టుబాటులో పెళ్ళాం, మొగుడు అని లేదు నాయనా. ఈ కాయలు ఆమెవి ఎలా అయ్యాయో, నీ చేతికి ఎలా వచ్చాయో చెప్పు."

ఫ్రాన్సు వాళ్ళు దుబాసీ కేసి చూశారు. బెజారా వులాసువా పక్కకి జరిగి, "చెప్పవే, నువ్వే అమ్మమని ఇచ్చావని చెప్పు," అని గొణిగాడు.

"ముందు ఆయన్ని చెప్పనియ్యండి తాతా," అంది వులాసువా.

చెప్పాడు. చెప్పక చస్తాడా. నేల వాళ్ళమ్మదని చెప్పాడు. పూలకి పెళ్ళి చేసింది ఆమేనని, కాయలకి గుర్తు పొడిచింది ఆమేనని, తాను ఆ కొండ ఎక్కి చాలా కాలమైందని, కూలీల చేత కోయించి తెచ్చానని, ఊరందరి ముందూ తలొంచుకుని చెప్పాడు. దుబాసీ ఒక్కొక్క మాటే తెల్లవాళ్ళకి అప్పజెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వులాసువా మాత్రం, ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నదానిలా, ఒక్క మాట జారిపోకుండా విన్నది. ఆఖర్న బెజారా కళ్ళు తుడుచుకుని ఆశగా ఆమెకేసి చూశాడు.

"విన్నావుగా అమ్మా," అన్నాడు పెద్దాయన. "నీ మొగుడు చెప్పింది నిజమేనా?"

"ప్రతి మాటా నిజమే తాతా. అంతా నాదే," అంది వులాసువా. "అమ్మమని నేను ఆయనకి ఇవ్వలేదు."