అంతా పచ్చగానే ఉంది

భయం లేనివాళ్ళు ఈ కుర్చీలో కూర్చోకూడదని నా నమ్మకం. తూరె నమ్మకం వేరు. విమానాలకు దారి చెప్పడంలో తల పండినవాడు, నన్ను "పిరికిపిల్లా" అని తప్ప పేరు పెట్టి పిలవడు.

ఆ మధ్యాహ్నం కాఫీ వేళకు తన కుర్చీ నాకు అప్పగించి లేచాడు.

"అంతా పచ్చగానే ఉంది పిరికిపిల్లా. ఊరికే హడలిపోకు. నీకో దాల్చినచెక్క బన్ను తెస్తాలే."

ఒకప్పుడు విమానాలు గీసిన దారుల్లోనే వెళ్ళేవి. ఎక్కడ ఎదురుపడతాయో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. ఇప్పుడు బాల్టిక్ సముద్రం మీద ఎవరికి దగ్గరైన దారిన వాళ్ళు పోవచ్చు. ఏ రెండు ఢీకొనేలా ఉన్నా యంత్రం ముందే లెక్కగట్టి, తెర మీద వాటి పచ్చ చుక్కల్ని ఎర్రగా చూపిస్తుంది. అయితే ఎవరిని ఎటు పొమ్మన్నామో మనం దానికి చెప్పాలి.

తెర మీద ఎక్కడా ఎరుపు లేదు. కానీ ఓస్లో విమానం తన గీత నుంచి కాస్త పక్కకు జరిగినట్టనిపించింది. గాలేమో అనుకున్నాను. ఇంకా జరిగింది. ఎదురుగా, అదే ఎత్తులో, రీగా విమానం వస్తోంది. వెంటనే మైకు నొక్కాను.

"ఓస్లో విమానం, ఎటు వెళ్తున్నారు?"

"ఇందాకటి ఆయన అడ్డదారిన పొమ్మన్నారు కదమ్మా! అలాగే పోతున్నాం."

తూరె పాత అలవాటు! పైలట్‌కు నోటితో చెప్పేశాడు, యంత్రానికి తర్వాత చెబుదాంలే అనుకుని మరిచిపోయాడు.

"వెంటనే కుడికి తిరగండి! ఎదురుగా విమానం!"

వాళ్ళు తిరుగుతుండగానే, రెండు మరీ దగ్గరైతే మోగే గంట మోగింది. ఆ చుక్కలు ఒకదాన్నొకటి దాటేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. దాటాక ఏడుపొచ్చింది.

తూరె బన్నుతో వచ్చాడు. "ఏంటే, దెయ్యాన్ని చూశావా?"

జరిగింది చెప్పాను.

"మరి యంత్రం ముందే చెప్పలేదా?"

"నువ్వు దానికి చెబితే కదా, అది నాకు చెప్పడానికి!"

అతను పక్క కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది.

"తూరె, ఇంకెవరికైనా ఇలా నోటితో చెప్పావా?"

తెర మీది చుక్కల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. "గుర్తు రావట్లేదు, ఇల్వా."

తెర నిండా విమానాలు. అన్నీ పచ్చగానే ఉన్నాయి. నేను మొదటిదాన్ని పిలిచాను.

"ఎటు వెళ్తున్నారు?"