పదును ఆరకముందే

ఈ వేళ్ళకు ఏమొచ్చింది, మిల్లు గేటు దాటి ఇంత దూరం వచ్చినా ఇంకా గాలిలో తెగిన దారాన్ని వెతుక్కుంటున్నాయి, బొటనవేలూ చూపుడువేలూ కలిసి మెలితిప్పడం మానడం లేదు అనుకుంటూ దొరసామి పీలమేడు రోడ్డు మీద పెద్ద అంగలు వేశాడు, మొన్న కురిసిన వాన గుంటల్లో అప్పుడే ఇంకిపోయింది, ఎండ ఇలాగే కాస్తే నల్లరేగడిలో పదును రేపటిదాకా నిలవదు, రెండేళ్ళుగా చుక్క లేక బీడు పడిన చేను, ఈసారీ విత్తనం పడకపోతే మిల్లుకే అమ్మేస్తానని బ్రోకరుకు మాట ఇచ్చినవాడు తనే, అక్కడ కూలీలకు లైను ఇళ్ళు కడతారట, నాయన పోసిన గట్టు మీదే గోడ లేపుతారో ఏమో, విత్తడానికి లీవు అడిగితే మేస్త్రీ కల్యాణసుందరం మాత్రం నవ్వాడు, వానకు లీవు అడిగే మొగోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా, ఇక్కడ దినమూ వానే కదప్పా అని పైన గొట్టాల్లోంచి పడే తుంపరను చూపించాడు, నిజమే, దారం తెగకూడదని ఇక్కడ గాలికే నీళ్ళు తాగిస్తారు, ఇంటి దగ్గర ఎద్దులు కుడితికి మొహం వాచి ఉంటే తను ఆ తుంపరలో తడుస్తూ నిలబడేవాడు, ఎంత ఏడుపొచ్చేదో ఒక్కరికీ చెప్పలేదు, పో, పోతే మళ్ళ రావద్దు, గేటు బయట పది మంది నిలబడి ఉండారు అన్నాడు మేస్త్రీ, దొరసామి వచ్చేశాడు, అంతే, చొక్కా మీది దూది కూడా దులుపుకోలేదు.

రాకపోతే ఎట్లా, ఊళ్ళో మగవాళ్ళందరినీ మిల్లులు లాగేసుకున్నాయి, ఎప్పుడు పిలిస్తే అప్పుడొచ్చే మాయాండి కూడా పోదనూరు రైల్వేలో చేరిపోయాడు, ఇక గొర్రు పట్టడానికి ఎవరున్నారు, పొద్దున రామాయి గంజి పోస్తూ మెల్లగా అడిగింది, నేను పట్టేదా గొర్రు, అంజలమ్మ విత్తనం వేస్తాది అని, తను సర్రుమన్నాడు, నువ్వు పడితే ఊరు నవ్వదా, మన ఇండ్లలో ఏ ఆడది పట్టింది, మా నాయన ఉండుంటే ఈ మాటకు అన్నం మానేసుండేవాడు, ఆ మాటకు గంజిలో ఉప్పు నోట పెట్టలేనంత పడింది, కట్టుకున్నదానికి కోపమొస్తే మాటలన్నీ ఉప్పులోకే పోతాయి, అయినా తను అన్నదాంట్లో తప్పేముంది, మగవాడు గొర్రు పట్టి ఎద్దుల్ని తోలాలి, ఆడది వెనక నడుస్తూ విత్తనం జారవిడవాలి, ఈ తమిళ దేశానికి వలస వచ్చిన నాటినుంచీ అదే వరస, నాయన పిడికిట్లో మన్ను నలిపి చూసి చాలు, ఇంక ఆగొద్దు అనేవాడు, ఆ చేయి ఎంత గరుకుగా ఉండేది, తన చేయి చూసుకుంటే దూది పట్టీ పట్టీ బాలింత చేయిలా మెత్తబడింది, సిగ్గేసింది, ఇంకా వేగంగా నడిచాడు.

తాటితోపు మలుపు తిరగగానే గొంతు వినబడింది, హో, దా కొడుకా, దా, మన తెలుగే, తమిళంలో తోలితే ఆ ఎద్దులు అడుగు వేయవు, కానీ అది ఆడగొంతు, రామాయి కొంగు నడుముకు బిగించి గొర్రు మీద బరువు వేసి నడుస్తోంది, వెనక పక్కింటి అంజలమ్మ ఒడిలోంచి జొన్నలు జారవిడుస్తోంది, దేవుడా, చేనులో ముప్పాతిక భాగానికి అప్పుడే చాళ్ళు పడ్డాయి, కాస్త వంకరగానే, కానీ లోతు తప్పలేదు, ఎవరూ నవ్వడం లేదు, నవ్వడానికి ఊళ్ళో ఎవరున్నారు గనక, గట్టు దిగి ఇటు ఇవ్వు అని పగ్గం అందుకోబోయాడు, మిల్లు నూనె వాసనకు ఎడమెద్దు బుస్సుమని పక్కకు దూకింది, చాలు చెదిరింది, రామాయి దాని మెడ నిమిరి నిలబెట్టి అప్పుడు గానీ మొగుడి మొహం చూడలేదు, షిఫ్టు ముగిసిందా ఏమండి అంది, లేదు, వదిలేసి వచ్చేసినా అన్నాడు, ఆమె గొర్రు వదలకుండానే అడిగింది, వదిలేసి వస్తిరా, మీ కూలి రాకపోతే ఈ ఎద్దులకు ఏమి వేసేది, పంట ఇల్లు చేరేదాకా బిడ్డలకు ఏమి పోసేది, నేను ఎవరి ధైర్యంతో విత్తినాననుకొంటిరి.

కోపం రావాలి, రాలేదు, ఇన్నేళ్ళూ తను రైతుననే అనుకున్నాడు, మిల్లు పని ఈ కష్టం గట్టెక్కేదాకానే అనుకున్నాడు, తను రాకపోతే విత్తనం నేలలో పడదనుకున్నాడు, పడుతోంది, కళ్ళెదుటే పడుతోంది, ఈ చేనుకు రైతు రామాయి, ఆమె వెనక మిల్లులో ఎవరో ఒకరు నిలబడి తెగిన దారాలు అతుకుతూ ఉండాలి, ఆ ఒకరు తనే, నేల చేజారకుండా ఉండాలంటే తను ఈ నేల మీద ఉండకూడదు, అదే నిజం, మేస్త్రీ కాళ్ళయినా పట్టుకోవాలి, తన చోట ఇంకొకడు నిలబడకముందే పట్టుకోవాలి, దొరసామి పగ్గానికి చాచిన చేయి వెనక్కి తీసుకుని, పడిన చాళ్ళు తొక్కకుండా గట్టు మీదుగా మిల్లు వైపు పరుగెత్తాడు.