కాలికి వేలాడిన ఐదు కిలోలు

నేను ఒక ఐదు కిలోల తూకం రాయిని. పేరుకి రాయినే గాని ఒళ్లంతా ఇనుము. ‘5’ అన్న అంకె నా నుదుటి మీద పోతపోసే ఉంది. ఫౌండ్రీలో పుట్టిన రోజున అక్షరాలా అంతే తూగేదాన్ని. తరవాత కిరాణాకొట్టు కనకలింగం నన్ను కొని, ఓ కమ్మరి చేత నా కడుపు తొలిపించి, లక్కతో పూడ్చి, పైన నల్లరంగు పూయించాడు. ఇక అప్పటినుంచి ఆయన వ్యాపారం పెరిగింది, నేను తగ్గాను.

ఎదురింటి మీనాక్షమ్మగారికి మొదటినుంచీ అనుమానమే. “ఏం లింగం, ఇంటికెళ్లి చూస్తే కందిపప్పు తగ్గుతోందేం?” అని ప్రతి నెలా నిలదీసేది.

“ఎండలు కదండీ పిన్నిగారూ, ఆరిపోయుంటది” అనేవాడు. వానాకాలంలోనూ అదే జవాబు.

ఇలా ఉండగా ఓ ఉదయం భూమి కదిలింది. కొట్లో అటక విరిగి కనకలింగం తొడ మీద పడింది. మీనాక్షమ్మగారు మెట్ల మీంచి దొర్లి కాలు విరగ్గొట్టుకుంది. వీధి వీధంతా పెద్దాసుపత్రిలో ఒకే వార్డుకి చేరింది. ఆపరేషన్ థియేటర్ చూస్తే ఒక్కటే. డాక్టర్ సువర్చల నుజ్జయిన కాళ్లని ముందు ఆపరేషన్‌కి తీసుకుంటోంది. మిగతావాళ్లకి, విరిగిన ఎముకలు ఒకదాని మీదొకటి ఎక్కకుండా, మోకాలి కింద ఉక్కు కడ్డీ దూర్చి, తాడు కట్టి, మంచం చివర కప్పీ మీంచి బరువు వేలాడదీస్తున్నారు. బరువులు అయిపోయాయి, కాళ్లు ఇంకా ఉన్నాయి. ఇటుకలు కట్టమందామా అని ఆవిడ ఆలోచిస్తుంటే కనకలింగానికి దానగుణం పొంగుకొచ్చింది.

“ఇటుకలెందుకండీ డాట్రుగారూ! మా కొట్లో తూకం రాళ్లున్నాయి, అన్నీ తెప్పించుకోండి!”

వార్డంతా మెచ్చుకుంది. ఆ పొగడ్తల్లో పడి ఆయన అసలు సంగతి మరిచిపోయాడని నా నమ్మకం. నన్ను ఆయన కాలికే కట్టారు. నా తమ్ముళ్లు తలో కాలికీ వేలాడారు.

రెండ్రోజులు పోయాక డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మొహం చిట్లించింది.

“ఐదు కిలోలు కట్టినా ఎముక దిగలేదు. మధ్యలో కండ ఇరుక్కుందేమో. ఇలాగే అతుక్కుంటే కాలు కురచైపోతుంది. రేపు తొడ కోసి చూద్దాం.”

అప్పుడు గుర్తొచ్చింది కనకలింగానికి, నా కడుపులోని లక్క. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే కాలు పోతుంది. నా వైపు దీనంగా చూశాడు. నేనేం చెయ్యను, వేలాడుతున్నాను. చివరికి ఆవిడని దగ్గరికి పిలిచి ఏదో గొణిగాడు. నిద్రలేక అలిసిపోయిన మనిషికి గుసగుసలు వినే ఓపిక ఎక్కడిది?

“ఏమిటీ, ఇది ఐదు కిలోలు కాదా?” అంది వార్డంతా వినబడేలా.

పక్క మంచం మీంచి మీనాక్షమ్మగారి గొంతు తాపీగా వచ్చింది.

“ఏం లింగం, ఇనుము కూడా ఆరిపోయిందా?”

నవ్వితే కాలు నొప్పి. అయినా అందరూ నవ్వారు. నవ్వు ఆగాక గాని ఎవరి కాలు వాళ్లకి గుర్తు రాలేదు. “మరి నా కాలికున్నదో?” “నాదో?” అంటూ ఒకటే గోల.

నర్సు మమ్మల్ని విప్పి, పసిపిల్లల్ని తూచే త్రాసులో వరసగా పడుకోబెట్టింది. ఎవరిలో ఎంత తగ్గిందో అంత కందిపప్పు, కనకలింగం కొట్టునుంచే తెప్పించి, సంచుల్లో పోసి మా పక్కన కట్టించింది డాక్టరమ్మ. బుద్ధెరిగాక ఆయన కొసరు వెయ్యడం అదే మొదలు.

కత్తి పడకుండానే ఎముక దిగింది. కొన్ని వారాలకి కనకలింగం రెండు కాళ్లూ సమానంగా వేసుకుంటూ ఇంటికెళ్లాడు. అది చూసి నిజంగా సంతోషించాను. మీనాక్షమ్మగారు చేతికర్రతో వెళ్తూ తన కాలి పప్పుసంచీని అడిగి మరీ పట్టుకెళ్లింది. “ఇది మాత్రం ఆరదు” అంది.

నన్ను ఎవరూ తీసుకెళ్లలేదు. ఆసుపత్రి సామాన్ల గదిలోనే ఉంటున్నాను. నా నుదుటి మీది అంకెని కప్పేస్తూ నర్సు ఓ ప్లాస్టర్ పట్టీ అంటించి, దాని మీద ‘నాలుగుంబావు’ అని రాసింది. బరువు పెరగలేదు గాని, సిగ్గు తగ్గింది.