రొయ్యల వాసన చొక్కా

దేవుడు పరిశుద్ధుడు, సరే. ఆయనలాగే తానూ పరిశుద్ధుడు కావాలని మొగుడు చిన్నపుల్లయ్య పట్టుబట్టినప్పటి నుంచే రమాదేవికి కష్టాలు మొదలయ్యాయి.

బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో నాలుగు తెలుగు యూదు కుటుంబాలున్నాయి. వాళ్ళకు పెద్ద ఎజ్రా, చిన్నపుల్లయ్యకు పెదనాన్న. వాళ్ళ ధర్మగ్రంథం తోరాలో ఆ వారం చదవాల్సిన భాగానికి అర్థం చెప్పి ఫోన్లో పంపిస్తాడు. ఇక్కడ కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లోని ఒంటిగది ఫ్లాట్లో చిన్నపుల్లయ్య దాన్ని చెవికి ఆనించుకుని వింటాడు. విన్న ప్రతిసారీ వంటింట్లోంచి ఏదో ఒకటి మాయమవుతుంది.

ముందు పంది పోయింది. "కువైట్‌లో కొందామన్నా దొరకదు గదయ్యా, అది మానేసి కూడా గొప్పలేనా?" అని రమాదేవి నవ్వింది. తర్వాత ఒంటె పోయింది. ఆ మహాతల్లిని వాళ్ళు ఎన్నడు తిన్నారు గనక! ఆ పైవారం, మాంసమూ పాలూ కలవకూడదంటూ, కోడికూర తిన్నపూట పెరుగన్నం పోయింది. అప్పుడిక నవ్వు రాలేదు. పెరుగు కలుపుకోకుండా కంచం ముందు నుంచి లేవడమేమిటి, ఖర్మ కాకపోతే!

చివరికి రొయ్యలు పోయాయి. రెక్కలూ పొలుసులూ లేని నీటిజీవి పనికిరాదట. ఈ మాట చెప్పే మనిషి సాల్మియాలో ఒక హోటల్లో రొయ్యల బిర్యానీ మాస్టరు. రోజంతా వండుతాడు, నోట పెట్టడు. ఉప్పు వాసనతోనే పట్టేస్తాడట!

రమాదేవికి మూడో నెల. అంతకుముందు రెండుసార్లు ఈ నెలలోనే కడుపు పోయింది. ఇప్పుడు మంచినీళ్ళు కూడా ఇమడటం లేదు. ఏదో ఒకటి తినకపోతే బిడ్డ దక్కడం కష్టమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తినేదేమిటి, అన్నం చూస్తేనే డోకు.

ఆ సాయంత్రం చిన్నపుల్లయ్య డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పి తలుపు వెనక తగిలించి స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె ఆ చొక్కాలో మొహం దాచుకుని కూర్చుని ఉంది.

"ఏందే అది?"

"రొయ్యల వాసన," అంది కళ్ళు తెరవకుండానే. "నాకు రొయ్యలు కావాలయ్యా."

"అదొక్కటీ అడగమాక, రమా."

"నా కడుపులో బిడ్డ కంటే ఆ పొలుసులు ఎక్కువా నీ దేవుడికి?"

అతను మంచం మీద కూలబడ్డాడు. "ఈ బిడ్డ కోసమే గదే ఇదంతా! ఇంట్లో మైలన్నది లేకుండా చూసుకుంటే ఇదన్నా నిలబడుద్దని..."

ఇన్నాళ్ళూ చాదస్తమనుకున్నది భయమని రమాదేవికి అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

"మీ పెదనాన్నకు ఫోన్ కలుపు. యల్లా, తొందరగా!"

ఎజ్రా అంతా విని అందుకున్నాడు. "ఓరి సన్నాసీ! వాసనకు ఆశపడ్డ చూలాలి సంగతి మన పెద్దలు ఎప్పుడో తేల్చారు. పుల్ల పులుసులో ముంచి ముందు పెదవికి తాకించు. ఆశ తీరలేదా, పులుసు పొయ్. అప్పటికీ తీరలేదా, ముక్కే పెట్టు. ప్రాణం మీదికొస్తే నియమం పక్కకు జరగాల్సిందేరా."

చిన్నపుల్లయ్య పరుగున వెళ్ళి రొయ్యలూ, వాటికో కొత్త గిన్నే కొనుక్కొచ్చాడు. చింతపండు పులుసు పోసి వండాడు. పళ్ళు కుట్టుకునే పుల్ల ముంచి, అభిషేకం చేస్తున్నంత శ్రద్ధగా ఆమె పెదవికి తాకించాడు.

"తీరిందా?"

"లేదు."

గరిటెడు పులుసు పోశాడు. "ఇప్పుడు?"

నిజానికి ఆ పులుసుకే ప్రాణం లేచొచ్చింది. అయితే మాత్రం ముక్కదాకా వచ్చి ఆగడానికి ఆమెకేం పిచ్చా?

"అసలు తీరలా," అంది నీరసంగా.

గిన్నె ఖాళీ అయింది. అతను అలవాటుగా బకెట్టు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. డోకు రాలేదు. ఆమె తేన్చింది. అతను బకెట్టు కింద పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, తలుపు వెనక చొక్కా తీసుకుని బాత్రూం వైపు నడిచాడు.

"ఏమయ్యా, ఆ చొక్కా ఉతకమాక," అంది రమాదేవి. "రేపు మళ్ళా ఆశపడొద్దూ!"