ఆదివారం అట్ట

నాలుగో కీబోర్డు మీద కూడా పది వేళ్లూ ఒకసారి నడిపించి, ఏ మీటా మొరాయించడం లేదని తేల్చుకున్నాకగానీ వరప్రసాదం కుర్చీలో కూర్చోలేదు. రాజోలు బస్టాండు వెనక సందులో ఆయన ఇరవై రెండేళ్లు టైపు నేర్పాడు. టైపు మిషన్లు మూలన పడ్డాక అదే గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటర్ అన్నాడు. పైన బోర్డు మారింది గానీ మాస్టారు మారలేదు. నడుం నిటారు, మణికట్లు పైకి, జేబులో తప్పులు దిద్దే ఎర్ర పెన్ను. రెండు వేళ్లతో పొడుస్తూ మస్కట్‌కీ కువైట్‌కీ ఉత్తరాలు కొట్టేవాళ్లను చూస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది.

రెండు రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. మిషన్లు మోసిన భుజం, లాగక ఏం చేస్తుందిలే అనుకున్నాడు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, అప్పుడు దుకాణం తెరిచాడు.

దుకాణం అంటే గది కాదు, కంప్యూటరులో ఉన్నది. 'ఎలీసమ్మ లేసులు' అని ఆయనే పుస్తకం చూసి నేర్చుకుని, నాలుగు నెలలు కుస్తీ పట్టి కట్టుకున్న దుకాణం. దానికి కాపలా అక్కర్లేదు, తాళం అక్కర్లేదు. అయినా ఆయన రోజూ పొద్దున్నే దాన్ని తెరిచి, అన్ని పేజీలూ తిరిగి చూసి, బొమ్మలన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా అని సరిచూసుకునేవాడు. అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది. అందులో ముప్పాతిక వంతు ఆయనే.

అసలు ఆ దుకాణం పుట్టింది రోషం వల్ల. భార్య ఎలీసమ్మ ఎనిమిదో ఏట తల్లి ఒళ్లో కూర్చుని లేసు సూది పట్టింది. ఏజెంట్లు వచ్చి తూకం వేసి పట్టుకుపోయిన లేసు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో నలభై ఏళ్లుగా ఆవిడకి తెలియదు. ఆన్‌లైన్ బజారు ఒకటి వచ్చిందని తెలిసి వరప్రసాదం అందులో సరుకు పెట్టాడు. అమ్మకాలు బాగానే సాగాయి. కానీ అక్కడ ఎలీసమ్మ లేదు. 'చేతి లేసు, తెలుపు, మధ్యరకం' అని మాత్రం ఉంది. ఆయన ఊరుకోలేక పార్శిళ్లలో ఒక చీటీ పెట్టాడు. 'ఇది నా భార్య ఎలీసమ్మ అల్లినది. ఎక్కడైనా తెగితే పంపండి, బాగు చేసి ఇస్తుంది.' చీటీలు పెట్టకూడదని బజారు వాళ్లు గట్టిగా చెప్పారు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు కట్టాడు సొంత దుకాణం. ఎనిమిది నెలల్లో నాలుగు బేరాలొచ్చాయి. వాటిలో ఒకటి రాజబాబుది. రాజబాబు ఆయన దగ్గర టైపు నేర్చుకుని, అమలాపురంలో కంప్యూటర్ల షాపు పెట్టినవాడు. ఇంటర్నెట్‌లో దుకాణం పేరు నిలవాలంటే గడువు తీరకముందే మళ్లీ డబ్బు కట్టాలి, అది చూసుకునేది కూడా అతనే. ఆ గడువు సోమవారంతో తీరిపోతుంది.

మధ్యాహ్నం ఎలీసమ్మ క్యారేజీ తెచ్చింది. చెప్పులు బయట విడిచి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"పార్శిళ్లు పంపించేరా అండీ?"

"ఆఁ. బజారువి మూడూ పోస్టాఫీసులో ఇచ్చేను."

"మరి మన దాంట్లో ఏవన్నా వచ్చిందా?"

ఆయన చారు కలుపుకోవడంలో మునిగిపోయాడు. ఎలీసమ్మ ఆయన కంచంలో కూర వేసింది.

"మంచి ముక్కలన్నీ మన దుకాణానికే అని పెట్టెలో పెట్టేరు. బుజ్జమ్మా రాజ్యం రోజూ అడుగుతున్నారండీ, మేం అల్లినవి ఎప్పుడు కదుల్తాయీ అని. నా పేరు లేకపోతే లేసు ఊడిపోద్దా ఏంటి?"

"సాయంత్రం దాకా చూద్దాం ఎలీసా. ఏం రాకపోతే వదిలేస్తాను. మాటంటే మాటే."

"ఆయ్," అంది గానీ, మజ్జిగ పోస్తూ ఆయన మొహంలోకి చూసి నొచ్చుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన తన కోసం పట్టుబట్టింది ఇదొక్కటే. అది తన నోటితోనే వద్దనాల్సి వచ్చినందుకు ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రోజు శనివారం, సాయంత్రం ఆరింటికి దుకాణం మూసే వేళ. అవును, ఆయన దుకాణం ఆదివారం మూసేవాడు. "ఇంటర్నెట్టుకి ఆదివారం ఏంటి మాస్టారూ! బజారు చూడండి, రాత్రనకా పగలనకా తెరిచే ఉంటాది," అని రాజబాబు పగలబడి నవ్వాడు. "బజారుకి లేదేమో. నాకుంది కదా నాయనా," అన్నాడు ఈయన. లేసులన్నీ తీసేసి, వాటి స్థానంలో ఒక ఫొటో పెట్టేవాడు. సెంటరు తలుపుకి ఆదివారాలు వేలాడదీసే అట్ట ఫొటో అది. దాని మీద నీలం రంగుతో ఆయనే గుండ్రంగా రాశాడు: 'ఈ రోజు ఆదివారం. దుకాణం సెలవు. రేపు తప్పక రండి.' సోమవారం పొద్దున మళ్లీ లేసులు పెట్టేవాడు. ఓసారి చెన్నై నుంచి ఎవరో ఆదివారం వచ్చి చూసి, ఇదేం దుకాణమని తిట్టి వెళ్లారు. ఆయన సోమవారం వాళ్లకి రెండు పేజీల క్షమాపణ కొట్టి పంపాడు, ఒక్క తప్పు లేకుండా.

ఆరుకి పది నిమిషాలు తక్కువ. వాన మొదలైంది. కుర్రాళ్లందరూ వెళ్లిపోయారు. అట్ట ఫొటో పెట్టబోతూ చివరిసారి ఉత్తరాలు తెరిచాడు. ఒకటుంది.

మస్కట్ ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న సూర్యకుమారి రాసింది. కిందటేడు బజారులో కొన్న పార్శిల్లో చీటీ దొరికిందట. దాచుకుందట. 'ఆ పేరు వెతికితే మీ దుకాణం కనబడింది. మా పాప బాప్తిస్మానికి గౌను కావాలి. ఎలీసమ్మ గారే అల్లాలి. ఇంకా అల్లుతున్నారు కదా?'

వరప్రసాదం మూడుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని నాలుగోసారి చదివాడు. 'అల్లుతున్నారు,' అని జవాబు కొట్టాడు. ఆ తర్వాత ఫోను తీశాడు.

"రాజబాబూ, మన దుకాణం పేరు మూడేళ్లకి కట్టెయ్ నాయనా."

"బేరం వచ్చిందాండీ?"

"ఎలీసమ్మ గారే అల్లాలంట!"

తర్వాత శ్రద్ధగా లేసులన్నీ తీసి, అట్ట ఫొటో పెట్టి, దుకాణం మూశాడు. గొడుగున్నా సగం తడిసి ఇంటికి చేరాడు. ఉత్తరంలోని ప్రతి మాటా అప్పజెప్పాడు. ఎలీసమ్మ పెట్టె తెరిచి, అన్నిటికన్నా సన్నని దారపు ఉండ వెతికి బయట పెట్టింది.

మర్నాడు గుడిలో రెండో పాటకి అందరూ నిలబడి ఉండగా వరప్రసాదం కూర్చుండిపోయాడు. భుజం నొప్పేమోనని పక్కనున్న సుందరరావు కొంచెం జరిగి చోటిచ్చాడు. పాట పూర్తయి అందరూ కూర్చున్నాక, ఆయన తల సుందరరావు భుజం మీదికి మెల్లిగా వాలింది. పాటల పుస్తకం ఒళ్లో తెరిచే ఉంది.

గౌను నలభై రోజులకి పూర్తయింది. బుజ్జమ్మా రాజ్యం సాయం చేస్తామన్నా ఎలీసమ్మ ముట్టుకోనివ్వలేదు. పోస్టు చేసి, ఆ వారమే రాజబాబుని రమ్మంది. మిగతా సరుకంతా బజారులో పెట్టమని చెప్పింది. ఆయన లేకుండా దుకాణం నడపడం తన వల్ల కాదని ఆవిడకి తెలుసు. ఆ ముగ్గురాడవాళ్లూ బతకాలి.

రాజబాబు దుకాణం తెరిచాడు. ఆ శనివారం ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇది తీసెయ్యమంటారా అమ్మగారూ?"

ఆవిడ ముందుకి వంగి తెరలోకి చూసింది. "గడువుందన్నావు కదా బాబూ?"

"మూడేళ్లుందండీ."

"ఉండనీ. ఆయన మూసేరు కదా. అలాగే ఉండనీ."

ఆ మూడేళ్లూ, ఏ వారాన ఎవరు వచ్చి చూసినా ఆ అట్టే కనబడింది. నీలం రంగు గుండ్రని అక్షరాలు, రేపు తప్పక రండి అనే ఆ మర్యాద, దాని కింద కుడి మూలన, ఫొటో తీసేటప్పుడు అట్ట పట్టుకు నిలబడిన ఎలీసమ్మది, సూది ఒరిసి కాయకాచిన బొటనవేలు.