తాడు కొస

పది నిమిషాలని చెప్పి వెళ్ళిన నజీర్ పావుగంటకు తిరిగొచ్చేసరికి మ్యాన్‌హోల్ దగ్గర తాడు లేదు. పైపు మీద వేసి వెళ్ళిన తాడు లోపలికి జారిపోయిందనుకున్నాడు. ట్యాంకులోకి తొంగిచూసి "బావా" అని పిలిచాడు. పలుకు లేదు. వెనకా ముందూ చూడకుండా దిగాడు. మూడో మెట్టు వరకే గుర్తుంది.

ఉక్కు కర్మాగారాలకు గ్యాసు అమ్మే ప్రైవేటు ప్లాంటు అది. ట్యాంకు కడగడానికి ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగితే, రెండో కొస పట్టుకుని ఇంకొకడు పైన కూర్చోవాలి. లోపలివాడు రెండుసార్లు లాగాడంటే పైకి లాగమని. పట్టుకున్నవాడు ఏం జరిగినా లేవకూడదు. నజీర్ లేచాడు. లారీ దింపడానికి మనుషులు చాల్లేదని కాంట్రాక్టరు గురునాథరావు లేపాడు. ఈలోగా కారుతున్న వాల్వు నుంచి నైట్రోజన్ ట్యాంకంతా నిండింది. దానికి రంగు లేదు, వాసన లేదు. నజీర్ వరస కలిపి బావా అని పిలిచే శ్రీరామ్మూర్తి లోపలే పోయాడు. నజీర్‌ను ఎవరో బయటికి ఈడిస్తే బతికాడు.

ఏడు నెలలైంది. ఆ రోజు లాక్కున్న నజీర్ గేటు పాసు ఇంకా గురునాథరావు సొరుగులోనే ఉంది. పాసు లేనివాణ్ణి ఏ ప్లాంటూ గేటు దాటనివ్వదు. పాతనగరంలో తమ్ముడి టైలరింగ్ కొట్టులో కాజాలు కుట్టుకుంటూ, మరదలు పెట్టే అన్నం తలొంచుకుని తింటున్నాడు.

అప్పుడు దిగింది ఊళ్ళోకి నిపుణుల కమిటీ. ఉరి క్రూరమట. మరణశిక్ష పడ్డవాణ్ణి నొప్పి లేకుండా చంపే దారి వెతకాలట. నైట్రోజనే మేలని కమిటీలో ఒక డాక్టరు పట్టుబట్టాడు. దాన్ని పీల్చి బతికొచ్చినవాడు ఇక్కడే ఉన్నాడని తెలిసి సాక్ష్యానికి రమ్మన్నారు. గురునాథరావు కారు టైలరు కొట్టు ముందు ఆగింది.

"నొప్పి లేదని చెప్పి సంతకం పెట్టరా. పాసు అక్కడే ఇస్తాను."

శ్రీరామ్మూర్తి బాధపడకుండా పోయాడని కాగితం మీద తేలితే కోర్టులో తన కేసు తేలికవుతుందని అతని ఆశ.

ఆ సాయంత్రం యూనియన్ ఆఫీసులో పెద్ద వాదన. వెళ్ళొద్దన్నాడు కార్యదర్శి ఉమాశంకర్. కమిటీ పరీక్షలకు పది సిలిండర్లు మన ప్లాంటు నుంచే వెళ్తున్నాయి, నింపేది మన చేతులే అన్నాడు. స్వీపరు పోతమ్మ అడ్డం తగిలింది.

"పసిపిల్లని పాడుసేసి సంపినోడికి నొప్పి నేకుండా సావెందుకు? ఏడ్సి సావనీ."

ఉరికంబం ఎక్కినవాళ్ళలో మంచి లాయరును పెట్టుకోగలిగినవాళ్ళు ఎంతమందో చెప్పమన్నాడు ఉమాశంకర్. గోల పెరిగింది. చివరికి నజీర్ లేచాడు.

"నాకు నిజంగానే నొప్పి పుట్టనేదు అన్నా. నిజం సెప్పడానికి కూడా మీ తీర్మానం కావాలేటి?"

అని బయటికి నడిచాడు.

మర్నాడు ద్వారకా నగర్‌లో ఏసీ హాలు. వెనక కుర్చీల్లో యూనియన్ వాళ్ళు నలభై మంది. ఊపిరి ఆడలేదా? గొంతు మండిందా? ఎన్ని సెకన్లలో స్పృహ పోయింది? డాక్టరు అడుగుతున్నాడు, నజీర్ చెబుతున్నాడు. అతను వాల్వు అన్నప్పుడల్లా, లారీ అన్నప్పుడల్లా టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఆగిపోతున్నాయి. అది వేరే విచారణ అంటున్నాడు అధ్యక్షుడు, రిటైరైన జడ్జి. మూడుసార్లు మొదలెట్టాడు నజీర్. మూడుసార్లూ అదే మాట.

కాగితం చదివి వినిపించారు. సాక్షికి ఎలాంటి నొప్పీ కలగలేదు. మృతుడికి కూడా కలగలేదని సాక్షి నమ్మకం.

రెండో మాట తను అనలేదు. నజీర్ పెన్ను పట్టుకుని తటపటాయించాడు. గురునాథరావు గేటు పాసు తెచ్చి కాగితం పక్కన పెట్టాడు.

వెనక నుంచి కాసులమ్మ లేచింది. శ్రీరామ్మూర్తి భార్య. అదే ప్లాంటులో ఊడుస్తుంది.

"అన్నయ్యా, సంతకం నీ ఇష్టం. నువ్వు తట్టుకోనేవని ఒక మాట ఇన్నాళ్ళూ దాసినాను. ట్యాంకు పక్కన పడుకోబెట్టినప్పుడు ఆయన గుప్పిట ఇప్పింది నాను. తాడు కొస గుప్పిట్లో ఉంది. అది జారిపోనేదు. ఆయనే లాగీసినాడు. కొస సేతిలోకొచ్చీదాకా లాగినాడు."

నజీర్ తన అరచేతుల వంక చూసుకున్నాడు. తర్వాత మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు నొప్పి నేదండి. ఏటవుతందో తెలీనేదు కాబట్టి నేదు. మా బావకి తెలిసింది. అవతల కొస ఎవుడూ పట్టుకోనేదని తెలిసింది. మీరు కట్టీసి గ్యాసు ఒదిలిన మనిషికీ అదే తెలుత్తాది. అది రాయండి."

"అది మా పరిధిలోకి రాదు. మా ప్రశ్న నొప్పి వరకే" అన్నాడు అధ్యక్షుడు. టైపు వేళ్ళు కదల్లేదు.

నజీర్ కాగితాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేశాడు. పెన్ను పాసు మీద పెట్టాడు. వెనక నలభై మందీ లేచారు.

"రాయండి" అంది పోతమ్మ. నిన్న వాదించిన గొంతే. "రాయండి" అన్నారు అందరూ. రాసేదాకా కదిలేది లేదన్నారు. పోలీసులొచ్చారు. ప్రభుత్వ కాగితం పాడుచేశాడని నజీర్‌ను జీపెక్కించారు. పాసు గురునాథరావు జేబులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున షిఫ్టు. కమిటీకి సిలిండర్లు తీసుకెళ్ళడానికి లారీ వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టింది. లోడింగుకు మనుషులు లేరు. గురునాథరావు వెతుక్కుంటూ ట్యాంకు దగ్గరికి వచ్చాడు.

మ్యాన్‌హోల్ పక్కన అందరూ వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. ముందు కాసులమ్మ, వెనక పోతమ్మ, ఉమాశంకర్, ఆ వెనక మిగతావాళ్ళు. అందరి చేతుల్లోనూ ఒకటే పొడవాటి తాడు. దాని రెండో కొస ఎవరి నడుముకూ లేదు. నజీర్ బయటికొచ్చేదాకా, వాల్వు మార్చేదాకా ఎవరూ దిగరని, ఆ సిలిండర్లు ఎవరూ ముట్టరని ఉమాశంకర్ చెప్పాడు.

"లేవండ్రా. పది నిమిషాల పని" అన్నాడు గురునాథరావు.

కాసులమ్మ తాడును మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుంది.

లారీ మళ్ళీ హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు.